ఇవాళ్టి అక్షరం ‘ఘ’



అంత్యాక్షరి ఆడని తెలుగువాళ్ళు ఉండరు. పెళ్ళివారి బస్సులో ఆడతాం. కరెంటు పోతే డాబా మీద కూర్చుని ఆడతాం. నేనివాళ చెప్పబోయే ఆట దానికి పినతల్లి కూతురు వరస. ఇందులో పాట చివరి అక్షరంతో పనిలేదు, మొదటి అక్షరమే ముఖ్యం. సినిమా పాటలు చెల్లవు, కర్ణాటక సంగీతం మాత్రమే. ఆడేవాళ్ళు ఒకచోట ఉండరు. హైదరాబాదులో కొందరు, విజయనగరంలో ఒక పిన్నిగారు, చెన్నైలో ఒక వయొలిన్ విద్వాంసుడు, న్యూజెర్సీలో చదువుకుంటున్న ఒక అమ్మాయి. అందరం కలిసేది వాట్సాప్ గ్రూపులో.

ఆట నడిపేది ఒక లెక్కల మాస్టారు. హైస్కూల్లో చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి అకారాది క్రమంలో గ్రూపులో ఒక అక్షరం వేస్తారు. మర్నాడు అదే వేళదాకా ఆ అక్షరంతో మొదలయ్యేది ఏదైనా చెప్పొచ్చు. కృతి కావచ్చు, రాగం కావచ్చు, వాగ్గేయకారుడు, వాద్యం, గ్రంథం, శాస్త్రంలో వాడే మాట, ఏదైనా సరే. అయితే పేరొక్కటే పడేసి పోతే మార్కు రాదు. కృతి అయితే రాగం, తాళం, కర్త చెప్పాలి. రాగమైతే ఆరోహణ, అవరోహణ పాడి వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పకూడదు. పుస్తకం తియ్యకూడదు, గూగుల్ చూడకూడదు.

చూడకూడదంటే చూడకుండా ఉంటారా అని మీరడగొచ్చు. చూసేవాళ్ళు చూస్తారు. కానీ తెలిసిపోతుంది. ఎవరూ వినని రాగం పేరు చిన్న తప్పు కూడా లేకుండా నిమిషంలో పడుతుంది. ‘బాబూ, ఒక్కసారి పాడి పెట్టండి’ అంటారు మాస్టారు. గొంతు బాగాలేదని జవాబు వస్తుంది. మర్నాడూ బాగుండదు ఆ గొంతు.

సులువైన అక్షరాలు కొన్ని ఉన్నాయి. ‘శ’ పడితే పండగే. ముత్తుస్వామి దీక్షితులవారు శ్రీకారంతో ఎత్తుకున్న కృతులే కుప్పతెప్పలుగా ఉన్నాయి. ‘ర’ పడితే త్యాగరాజస్వామి రాముణ్ణి పిలిచిన పల్లవులతో ఫోను మోగుతూనే ఉంటుంది. అలాంటి రోజుల్లో మెసేజులు చాలా వస్తాయి గానీ, నాకైతే ఆ రోజులు చప్పగా ఉంటాయి. ఎవరికి పాఠమైన కృతి వాళ్ళు చెప్పి, మార్కు వేయించుకుని వెళ్ళిపోతారు.

అసలు అకారాది క్రమం సంగీతానికి ఏమాత్రం నప్పని క్రమం. ఆనందభైరవికీ, ఆరభికీ ‘ఆ’ తప్ప ఏం చుట్టరికం ఉంది? సంగీతం తెలిసినవాళ్ళెవరూ రాగాలని ఇలా వరస పెట్టరు. కానీ ఈ ఆటలో నాకు నచ్చిందే అది. ఇష్టం ప్రకారం వింటే రోజూ అదే కల్యాణి, అదే మోహన, అదే తోడి చుట్టూ తిరుగుతాం. ఫోనులో పాటలు వినిపించే యాప్‌లయితే నిన్న విన్నదానిలాంటిదే వెతికి మరీ ఇవాళ వినిపిస్తాయి. అక్షరానికి మన ఇష్టాయిష్టాలు తెలీవు. అది ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళాల్సిందే.

‘ఘ’ పడిన రోజు చెప్తాను. గ్రూపు చాలాసేపు చప్పుడు చెయ్యలేదు. చివరికి ఎవరో ‘ఘటం’ అన్నారు. వాద్యం కనక చెల్లింది. ‘ఘనరాగ పంచకం’ అన్నారు ఇంకొకరు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. త్యాగరాజస్వామి పంచరత్న కృతులు ఈ అయిదు రాగాల్లోనే ఉన్నాయి కదా. అక్కడితో ఆగిపోతుందనుకున్నాం. రాత్రి తొమ్మిది దాటాక విజయనగరం పిన్నిగారి వాయిస్ మెసేజ్ వచ్చింది. ముందు కుక్కర్ కూత, తరవాత ఆవిడ గొంతు. ‘ఘంటా రాగం నాయనా. మా అమ్మ పదాలు పాడేది ఇందులో’ అని, రెండు నిమిషాలు ఆలాపన. ఒకచోట ధన్యాసి అనిపిస్తుంది, అంతలో పున్నాగవరాళి వైపు ఒరిగినట్టుంటుంది. ఇది ఫలానా అని పట్టుకునేలోపు ఇంకెటో జారిపోతుంది. దీక్షితులవారి కమలాంబా నవావరణ కృతుల్లో ఎనిమిదోది ఈ రాగంలోదేనని చెన్నై విద్వాంసుడు అందుకున్నారు. నవావరణాలు మొత్తం వరసగా పాడే సందర్భాల్లో తప్ప కచేరీలో ఈ రాగం చెవిన పడటం అరుదు. ‘ఘ’ లేకపోతే ఆ రాత్రి మేమెవరమూ ఘంటా రాగం వినేవాళ్ళం కాదు.

‘ఠ’ సంగతి ఇంకా చిత్రం. ఠ అక్షరంతో పాటేముంటుంది అనుకుంటాం. మాస్టారే అందించారు, ‘ఠాయం’ అని. ఆలాపం, ఠాయం, గీతం, ప్రబంధం, ఈ నాలుగింటినీ కలిపి పాతకాలంలో చతుర్దండి అనేవారు. సంగీత శాస్త్రకారుడు వేంకటమఖి తన పుస్తకానికి చతుర్దండిప్రకాశిక అని పేరు పెట్టింది అందుకే. ఈ నాలుగింటిలో ఇప్పుడు కచేరీలో మిగిలింది ఆలాపన ఒక్కటే. గీతాలు పిల్లల పాఠాల్లో ఉన్నాయి. ఠాయం మాట కూడా చాలామందికి తెలీదు. ‘థ’ పడినప్పుడు హైదరాబాదు కుర్రాడొకడు ‘థాట్’ అన్నాడు. అది హిందుస్తానీ మాట, చెల్లదని గొడవ. చెల్లుతుందని వాడి వాదన. హిందుస్తానీ సంగీత శాస్త్రజ్ఞుడు భాత్‌ఖండే పది థాట్లు ఏర్పరచడం వెనక, రాగాలని మూలరాగాల కింద సర్దే మన మేళకర్తల పద్ధతి ఉంది. ఆయన 1904లో దక్షిణాదికి వచ్చి ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులవారిని కలుసుకున్నాడు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చయింది కూడా 1904లోనే. తమిళదేశంలో, ఎట్టయపురంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉంది. కుర్రాడికి మార్కు వేశారు. వెయ్యాలి మరి.

‘ఓ’ రోజున బాలమురళీకృష్ణగారు వచ్చారు. ఓంకారి ఆయన సృష్టించిన రాగం. మహతి, లవంగి లాంటివాటిని ఆయన నాలుగేసి స్వరాలతో కట్టారు. రాగానికి కనీసం అయిదు స్వరాలుండాలనే పాత మాటని ఆయన పక్కన పెట్టారు. ఇవి రాగాలే కావని, ఇందులో సృష్టి ఏమీ లేదని వీణ ఎస్. బాలచందర్ అప్పట్లో గట్టిగా వాదించారు. మా గ్రూపులోనూ రెండు పక్షాలున్నాయి. నా పక్షం చెప్పేస్తాను. మహతి విన్నాక అది రాగమా కాదా అనే ప్రశ్న నాకు మిగల్లేదు. బాలమురళీకృష్ణగారే 72 మేళకర్తలన్నిటిలోనూ కృతులు రచించారు. విజయవాడ ఆకాశవాణిలో భక్తిరంజని వింటూ పెరిగినవాళ్ళకి ఆయన గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు గొడవకి వస్తాను. కల్యాణి రాగం ఏ అక్షరం కిందికి వస్తుంది? ‘క’ అంటారు మీరు. మేళకర్తల పట్టికలో దాని పేరు మేచకల్యాణి. అప్పుడది ‘మ’. శంకరాభరణం పట్టికలో ధీరశంకరాభరణం. తోడి హనుమతోడి. వరాళి ఝాలవరాళి. ‘ఝ’ పడిన రోజు వరాళిని ఝాలవరాళిగా తెచ్చి మార్కు కొట్టేసినవారున్నారు. ఈ మేచ, ధీర, హనుమ, ఝాల అనేవి అలంకారానికి తగిలించినవి కావు. అవి అంకెలు.

చిన్నప్పటి ఓనమాలు గుర్తుంటే చాలు, ఇది నోటితో లెక్క కట్టొచ్చు. క నుంచి ఞ దాకా పది అక్షరాలు. క ఒకటి, ఖ రెండు, అలా ఝ తొమ్మిది, ఞ సున్న. ట నుంచి న దాకా మళ్ళీ పది. ట ఒకటి, న సున్న. ప నుంచి మ దాకా ఒకటి నుంచి అయిదు. య ర ల వ శ ష స హ, వీటికి ఒకటి నుంచి ఎనిమిది. క, ట, ప, య నాలుగూ ఒకటితో మొదలవుతాయి కనక కటపయాది అన్నారు. రాగం పేరులో మొదటి రెండక్షరాలకీ అంకెలు వేసుకుని తిరగెయ్యాలి. మేచకల్యాణిలో మ 5, చ 6. తిరగేస్తే 65. కల్యాణి 65వ మేళకర్త. ధీరలో ధ 9, ర 2. తిరగేస్తే 29. శంకరాభరణం 29వది. ఉట్టి కల్యాణి అంటే ఈ లెక్క రాదు. అందుకని ముందర మేచ చేరింది.

వేంకటమఖి 17వ శతాబ్దంలో, తంజావూరులో, 72 మేళాలు సాధ్యమని లెక్క కట్టాడు. ఆయన నాటికి వాడుకలో ఉన్నవి 19 మాత్రమే. తక్కినవి కాగితం మీద గళ్ళు. ఆ గళ్ళకి ఈ అంకెల పేర్లు తరవాతివాళ్ళు పెట్టారు. రాగాలు ఇంకా పుట్టకముందే వాటికి గది నంబర్లు సిద్ధమయ్యాయి. కాబట్టి అక్షరంతో రాగాన్ని పట్టుకోవడం మేమేదో ఫోన్లు వచ్చాక కనిపెట్టిన కాలక్షేపం కాదు.

సంయుక్తాక్షరం వస్తే మాత్రం పేచీ తప్పదు. చక్రవాకం తీసుకోండి. చ 6. తరవాత క్ర. దానికి ‘క’ లెక్కా, ‘ర’ లెక్కా? క అనుకుంటే ఒకటి, అప్పుడు 16. చక్రవాకం 16వదే, సరిపోయింది. ఇదే పద్ధతిలో ధర్మవతికి వెళ్ళండి. ధ 9. ర్మలో మొదటి ‘ర’ తీసుకుంటే 2, తిరగేస్తే 29. శంకరాభరణంలో పడ్డారు! ఇక్కడ రెండోదైన ‘మ’ తీసుకుంటేనే 59 వస్తుంది. ఒకచోట మొదటి హల్లు, ఇంకోచోట రెండోది. సూత్రం ఏమిటని మా మాస్టారిని అడిగితే, ‘నంబరు ముందు తెలిస్తే సూత్రం దానంతటదే దొరుకుతుంది’ అన్నారు. లెక్కల మాస్టారు అనాల్సిన మాటేనా అది!

‘ఋ’ పడినప్పుడు చూడాలి తమాషా. న్యూజెర్సీ అమ్మాయి అప్పుడే నిద్ర లేచిందేమో, ఆవలిస్తూనే ‘ఋషభప్రియ’ అంది.

‘చెల్లదమ్మా’ అన్నారు మాస్టారు.

‘ఎందుకు మాస్టారూ? మా టీచరుగారి నోట్సులో ఋ తోనే ఉంది.’

‘ఋ అచ్చు. కటపయాదిలో అచ్చుకి సున్న. సున్న, ష ఆరు. తిరగేస్తే 60. అది నీతిమతి. మనకి కావాల్సింది 62. రి రాయి. ర రెండు. అప్పుడు 62 వస్తుంది.’

‘సంస్కృతంలో ఋషభమేగా మాస్టారూ?’

‘సంస్కృతంలో ఋషభమే. పట్టికలో రిషభమే.’

విజయనగరం పిన్నిగారు మధ్యలో దూరి, ‘పిల్ల పొద్దున్నే లేచి చెప్పింది, సగం మార్కెయ్యండి’ అన్నారు. సగం మార్కు పద్ధతి మా ఆటలో ఆ రోజు మొదలైంది.

ఆ గొడవ వల్లే మాస్టారికి ఇంకో సంగతి తట్టింది. మేళకర్తల్లో మొదటి 36 శుద్ధ మధ్యమం, తరవాతి 36 ప్రతి మధ్యమం. ఏ మేళానికైనా 36 కలిపితే, తక్కిన స్వరాలు అలాగే ఉండి మధ్యమం ఒక్కటే మారిన మేళం వస్తుంది. చారుకేశి 26. ముప్పై ఆరు కలిపితే 62, రిషభప్రియ. అంకెలు తిరగబడ్డాయి చూశారా! మాయామాళవగౌళ 15, దాని ప్రతి మధ్యమం 51, మనం పంతువరాళి అని పాడుకునే కామవర్ధని. ఇలాంటి జంట ఇంకొక్కటే ఉంది. వనస్పతి 4, నవనీతం 40. వన, నవ. ఇక్కడ అంకెలతో పాటు అక్షరాలు కూడా తిరగబడ్డాయి. 72లో ఈ మూడు జంటలే. పేర్లు పెట్టినవాళ్ళు ఇది చూసుకుని నవ్వుకునే ఉంటారని నా నమ్మకం.

రాగాల పేర్లు రెండేసి ఉండటం ఇంకో తిరకాసు. దీక్షితుల సంప్రదాయంలో మేళాల పేర్లు వేరు. అక్కడ షణ్ముఖప్రియ చామరం. సింహేంద్రమధ్యమం సుమద్యుతి. యదుకులకాంభోజిని పాతకాలంలో ఎరుకల కాంభోజి అనేవారు. ‘య’ కింద అయిపోయిన రాగాన్ని ‘ఎ’ కింద మళ్ళీ పట్టుకొస్తే చెల్లుతుందా? పాడి వినిపిస్తే చెల్లుతుందని తీర్మానించాం.

న్యూజెర్సీ అమ్మాయి అక్కడి కాలేజీ ఆర్కెస్ట్రాలో కూడా వయొలిన్ వాయిస్తుంది. వాళ్ళూ ఇలాంటి ఆటే ఆడతారట, ఇంగ్లీషు అక్షరాలతో. ఎక్స్ వస్తే మనకి గుండె ఆగుతుంది, వాళ్ళకి జెనాకిస్ ఉన్నాడు. గ్రీకు మనిషి, ఇంజనీరింగు చదివి, ల కార్బూజియే దగ్గర భవనాల నిర్మాణంలో పనిచేసిన స్వరకర్త. క్యూ వస్తే క్వాంట్జ్, ప్రష్యా రాజు ఫ్రెడరిక్‌కి వేణువు నేర్పినవాడు. బి రోజు మాత్రం వాళ్ళకి మన ‘శ’ లాంటిదే. బాఖ్, బీథోవెన్, బ్రామ్స్. జర్మన్లు స్వరాలకి అక్షరాలే పేర్లుగా వాడతారు. అందులో హెచ్ కూడా ఒక స్వరం. అందుకని బాఖ్ పేరులోని నాలుగక్షరాలూ నాలుగు స్వరాలవుతాయి. ఆయన ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్‌లో పూర్తికాని చివరి ఫ్యూగ్‌లో ఆ నాలుగు స్వరాలనీ పేర్చి తన పేరే వాయించాడు. ఇది విని పిన్నిగారు, ‘మన స్వరాక్షరాలేగా’ అన్నారు. సాహిత్యంలో ‘స’ వచ్చినచోట సంగీతంలోనూ షడ్జమమే పడటం, ‘ప’ అన్నచోట పంచమమే పడటం. శ్యామశాస్త్రిగారికి అందులో గొప్ప నేర్పు. పోలిక బాగానే ఉంది గానీ, తన పేరునే స్వరం చేసుకున్నవాడూ, కామాక్షి పేరు పాడుకుంటూ స్వరాక్షరం వేసినవాడూ ఒకటేనా అన్నది నాకింకా తేలలేదు.

ఙ, ఞ, ణ లాంటివాటిని వదిలేశాం. వాటితో మొదలయ్యే మాటలే లేవు. చివరికి ‘హ’ దాటాక క్ష వచ్చింది. అది వేరే అక్షరమా, ‘క’ కింద రావాల్సిందా అని ఎవరో నసిగారు. పలకమీద దిద్దిన అక్షరాల వరసలో చివర క్ష ఉంటుంది కనక ఉండనిచ్చాం. అసలు కారణం వేరే. అందరికీ క్షేత్రయ్య కావాలి.

ఆ రోజు ఒక్క క్షేత్రయ్యే. ఎవరికి తెలిసిన పదం వాళ్ళు పాడారు. కృష్ణా జిల్లా మొవ్వ ఆయన ఊరని చెప్తారు. మువ్వగోపాల ముద్ర అక్కడి దేవుడిదే. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో ఆదరణ పొందాడు. వేంకటమఖి చేత చతుర్దండిప్రకాశిక రాయించిందీ ఆ రాజే. ఒకవైపు 72 గళ్ళ లెక్క, ఇంకోవైపు విరహంలో ఉన్న నాయిక మాటలు, రెండూ ఒకే కొలువులో. ఆ పదాలు తరతరాలుగా నిలిచింది దేవదాసీల గొంతుల్లో. వీణ ధనమ్మాళ్ ఇంట్లో నేర్చుకుని బృంద, ముక్త పాడారు, బాలసరస్వతి అభినయించింది. బృంద పాడిన పదం ఒకటి చెన్నై విద్వాంసుడు గ్రూపులో పెట్టారు. ‘ఇంత నెమ్మదిగా పాడతారా?’ అని న్యూజెర్సీ అమ్మాయి అడిగింది. ‘ఇంకా నెమ్మదిగా పాడాలి’ అని పిన్నిగారి జవాబు.

అక్షరాలయిపోయాయి కదా, మళ్ళీ ‘అ’ నుంచేనా అని అడిగాం. ఆరోహణ అయింది కనక ఇక అవరోహణ అన్నారు మాస్టారు. క్ష నుంచి అ దాకా. పోయినసారి చెప్పినవేవీ మళ్ళీ చెల్లవు. అంటే ‘ఘ’ వచ్చేసరికి ఘటం లేదు, ఘనరాగాలు లేవు, ఘంటా లేదు. ఆట మొదలయ్యాక పుస్తకం తియ్యకూడదు గానీ ముందే తీస్తే తప్పేముందని, పిన్నిగారు అటక మీంచి వాళ్ళమ్మగారి పాటల పుస్తకాలు దింపించారట.